ఎనిమిదో అధ్యాయానికి పదకొండు ప్రశ్నలు

నవలల్లో ఆటిజం ఉన్న మనిషికి తల్లి పోతే ఏం చేయాలో ఎవరో ఎక్కడో చట్టం చేసి పెట్టినట్టున్నారు. ఫ్యాను రెక్కలు లెక్కపెట్టాలి. ఏడవకూడదు. ఏడిస్తే ఇక ఆటిజం ఏమైనట్టు అని పాఠకుడు నిలదీస్తాడేమోనని రచయితకు బెంగ. శవం పక్కనే కూర్చుని గ్లాసులో, గోళీలో, అగ్గిపుల్లలో వరసగా పేర్చాలి. ఎవరైనా ఆ వరస కదిపితే మాత్రం ఇల్లెగిరిపోయేలా కేకలు పెట్టాలి. చివరి పేజీలో ఒక మంచివాడు, సాధారణంగా రచయిత పోలికలే ఉన్నవాడు, ఆమె చెయ్యి పట్టుకుంటాడు. ఆమె మొదటిసారి చెయ్యి వెనక్కి లాక్కోదు. పాఠకుడు కళ్ళు తుడుచుకుని, తను ఎంత మంచివాడో తలుచుకుని నిద్రపోతాడు.

ఇలాంటివి ఇరవయ్యారేళ్ళలో తొమ్మిది దిద్దింది ఈ కథలో మనిషి. ఒక ప్రచురణ సంస్థలో ప్రూఫ్ రీడర్. వయసు నలభై ఏడు. ఆఫీసులో అందరూ ఆమెను మార్జినమ్మ అంటారు, మొహం మీదే అంటారు, ఆమె పలుకుతుంది కూడా. ఆమెకూ ఆటిజం ఉంది. ఆ సంగతి నలభయ్యో ఏట ఒక డాక్టరు చెప్పి కాగితం మీద రాసిచ్చాడు. ఆ కాగితంలో రెండు తప్పులుంటే దిద్ది, మళ్ళీ టైపు చేయించి తెచ్చుకుంది. ఆ తొమ్మిది నవలల్లో తల్లో తండ్రో కుక్కో చచ్చిపోవడం, తనలాంటి వాళ్ళు ఫ్యాను కింద కూర్చుని లెక్కలు వేయడం చదివినప్పుడల్లా ఆమెకు ఒకటే అనుమానం. ఫ్యానుకి ఉండేవి మూడు రెక్కలు. ఒకసారి లెక్కపెడితే చాలదా? అయినా ఆమె పని అక్షరం, కామా, పేజీ నంబరు. రచయితకు బుర్ర పెట్టడం ఆమె ఉద్యోగంలో లేదు.

ఆమె గది మేడ మీద, బైండింగ్ హాలు పక్కన. ఏటవాలు బల్ల, ఇనుప స్కేలు, మెడ వంగే దీపం, పెన్సిళ్ళ డబ్బా. గదిలో ఫ్యాను టిక్కుటిక్కుమంటుందని ఆపేసి కిటికీ తెరుచుకుంటుంది. పక్క హాల్లోంచి జిగురు వాసన వస్తుంది, అది ఆమెకు ఇష్టం. పనికి ఒక పద్ధతి ఉంది. అచ్చుతప్పు అయితే ఎర్ర సిరాతో దిద్దేస్తుంది, అది కంపోజరుకి ఆజ్ఞ. రచయిత రాసిన మాటే తప్పని తోస్తే మాత్రం ముట్టుకోకూడదు. మార్జిన్‌లో పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాయాలి. రచయిత చూసుకుని, ఒప్పుకుంటే మాట మారుస్తాడు, లేకపోతే ప్రశ్న కొట్టేస్తాడు. ప్రశ్న అచ్చులోకి వెళ్ళడమన్నది ఉండదు. ఒక నవలలో గర్భం పదమూడు నెలలు మోసిందని, ఇంకోదాంట్లో ఒకే తాతగారు రెండుసార్లు పోయారని ఆ పెన్సిల్ రాతవల్లే తెలిసింది. ఆ రచయితలెవరూ ఆమెకు ఒక్క మంచిమాట చెప్పిన పాపాన పోలేదు.

పదో నవల రాసినవాడు సాక్షాత్తూ ఆమె బావ, అక్క మొగుడు. కాలేజీలో పాఠాలు చెప్తాడు, మిగతా వేళల్లో మహారచయిత. ఆయన రాయడు, చెప్తాడు. సాయంత్రం నడకకు వెళ్ళి ఫోన్లో చెప్పుకుంటూ పోతే ఒక టైపిస్టు విని కొట్టి పెడుతుంది. చెప్పింది మళ్ళీ చదివితే ప్రవాహం దెబ్బతింటుందట, అందుకని చదవడు. ఆయన వాక్యాల్లో క్రియ కనపడదు. ‘నిశ్శబ్దం. ఒక గది. ఒక వేలు. ఒక శూన్యం.’ పేజీలకు పేజీలు ఇదే వరస. వేదన అన్న మాట లేకుండా ఆయన మంచినీళ్ళు కూడా అడగడు. కొత్త నవల పేరు ‘నిశ్శబ్ద గణితం’. అందులో ఎనిమిదో అధ్యాయం తెరిచేసరికి మార్జినమ్మకు తమ ఇల్లు కనిపించింది.

ఆ అధ్యాయంలో కోట్లు కుట్టే ఒక తల్లి చనిపోయి ముందు గదిలో ఉంటుంది. చిన్నకూతురు వెనక గదిలో కూర్చుని ఒక నల్లకోటుకు గుండీలు కుడుతూ ఉంటుంది. చావంటే ఏమిటో ఆమెకు తెలియదు. గుండీ గుండ్రంగా ఉంటుంది కనుక ఆమెకు హాయి. ‘అమ్మ లేదు. గుండీ ఉంది. గుండీ. గుండీ. గుండీ.’ ఇది బావగారి కవిత్వం. పెద్దకూతురు కోపంతో కోటు లాక్కుంటే ఆ పిల్ల జంతువులా అరుస్తుంది, తల్లి కోసం కాదు, గుండీ కోసం. గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న పెద్దల్లుడు ఒక్కడే ఆమెను అర్థం చేసుకుంటాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. ఆ పెద్దల్లుడు సన్నగా, పొడుగ్గా, చూడముచ్చటగా ఉంటాడని కూడా ఉంది. పొట్ట సంగతి ఎక్కడా లేదు.

జరిగింది వేరు. వాళ్ళమ్మ నలభయ్యేళ్ళు కోట్లు కుట్టింది, ముందు గదిలోనే మిషను. ఆ రోజు ఒక కోటు నాలుగింటికల్లా ఇస్తానని మాటిచ్చింది. పొద్దున ఆయాసంగా ఉందని కుర్చీలో వెనక్కి వాలి, “ఆ గుండీలు నువ్వు కుట్టెయ్యవే, నాలుగింటికి వస్తాడు” అంది చిన్నకూతురితో. పదింబావుకి పోయింది. నాడి చూసింది చిన్నకూతురే. డాక్టరుకి ఫోన్ చేసింది, అక్కకి చేసింది, ఎదురింటివాళ్ళను పిలిచింది. అవన్నీ అయ్యాక కాళ్ళూ చేతులూ తనవి కానట్టయిపోయింది. జనం మాటలు చెవిన పడుతున్నాయి, అర్థం మాత్రం చాలా ఆలస్యంగా వస్తోంది. గదినిండా మనుషులు చేరి అందరూ ఒకేసారి మాట్లాడుతున్నారు. ఆ గందరగోళంలో ఆమెకు స్పష్టంగా తెలిసిన సంగతి ఒక్కటే, అమ్మ ఒక పని చెప్పింది. వెనక గదిలోకి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసుకుని, సూదిలో దారం ఎక్కించింది.

అక్క మందుల షాపు నడుపుతుంది. షాపు ఊరికి అటుచివర, వచ్చేసరికి పన్నెండయింది. తల్లి మీద పడి ఏడ్చి, చెల్లెలేదని వెతుక్కుంటూ వెనక గదిలోకి వచ్చింది.

“ఏమే, అమ్మ అక్కడ అలా ఉంటే నువ్విక్కడ గుండీలు కుడుతున్నావా? నీకు మనసనేది ఉందా?”

“ఉంది” అంది చెల్లెలు. అడిగారు కనుక చెప్పింది. అక్కకు అది పొగరుగా వినిపించింది. కోటు లాగి గోడకేసి కొట్టింది. చెల్లెలు అరిచిన మాట నిజమే. అమ్మ చెప్పిన పని ఒక్క గుండీ దూరంలో ఆగిపోయిందని అరిచింది. కానీ అరుపులో అంత వివరం ఉండదు కదా, విన్నవాళ్ళు ఎవరికి తోచిన అర్థం వాళ్ళు తీసుకుని వెళ్ళారు.

అంతకుముందు ప్రతి ఆదివారం అక్క వచ్చేది. చెల్లెలికి సెలూన్లో ఆ మాటలూ ఆ చేతులూ పడవని తనే కూర్చోబెట్టి జుట్టు కత్తిరించేది. కత్తిరిస్తూ షాపు కబుర్లు చెప్పేది. ఆ రోజు తర్వాత రావడం మానేసింది. ఏడాదిన్నరగా ఫోన్లో రెండే మాటలు, తలుపు గడియ వేసుకున్నావా, వేళకి తింటున్నావా. మార్జినమ్మ అద్దం ముందు నిలబడి తన జుట్టు తనే ఎగుడుదిగుడుగా కత్తిరించుకుంటోంది. నోరు తెరిచి చెప్పొచ్చు కదా అంటారు. చెప్పబోయింది, రెండుసార్లు. “ఆ గుండీల గోల ఇంకెప్పుడూ నా దగ్గర ఎత్తకు” అని అక్క ఫోన్ పెట్టేసింది. ఎత్తద్దన్నారు కనుక ఎత్తలేదు.

ఇప్పుడు ఆ గోల పుస్తకంగా రాబోతోంది. అక్కకు అచ్చయిన అక్షరం మీద గురి ఎక్కువ. మందు డబ్బా మీద ఏముంటే అదే నిజమనుకుని బతికే మనిషి, వృత్తి అలాంటిది. ఎనిమిదో అధ్యాయం అలాగే అచ్చయితే, అమ్మ పోయిందని చెల్లెలికి అసలు తెలియనే లేదని అక్క జీవితాంతం అనుకుంటుంది. మార్జినమ్మకు ఆకలి పోయింది. రెండు రోజులు ఆ పుటల్నే చూస్తూ కూర్చుంది.

బావ ముఖచిత్రం చూసుకోవడానికి ఆఫీసుకి వచ్చినప్పుడు ఆయన్ని మెట్ల దగ్గర ఆపింది.

“బావా, ఎనిమిదో అధ్యాయంలో ఉన్నది నేనే.”

“పాత్ర అమ్మా అది. పాత్ర వేరు, మనిషి వేరు. ఆ తేడా నీకు పట్టుకోవడం కొంచెం కష్టం, నాకు తెలుసు.”

“కోటు అదే. గది అదే. కానీ జరిగింది అది కాదు.”

“జరిగింది రాస్తే అది పంచనామా అవుతుంది.” పక్కనున్న పబ్లిషరు నవ్వుతాడేమోనని చూశాడు. పబ్లిషరు నవ్వాడు, అది ఆయన వ్యాపారం. “చూడమ్మా, నేను నీకు మేలే చేశాను. మీ అక్కకి కథ చెప్పాను. పుస్తకం రాగానే చదువుతానంది. చదివిందంటే నీ మీద కోపం ఎగిరిపోతుంది. పాపం దానికి తెలియదు కదా అని సరిపెట్టుకుంటుంది.”

“నాకు తెలుసు” అంది మార్జినమ్మ.

“ఏం తెలుసు?”

“అమ్మ పోయిందని.”

బావ ఆమె భుజం తట్టబోయి, ఆటిజం వాళ్ళను తాకకూడదని గుర్తొచ్చి, ఆ చెయ్యి గాలిలోనే ఆశీర్వాదంలా ఊపి వెళ్ళిపోయాడు. ఒక మనిషి మూడు వందల పేజీలు ఆటిజం మీద చెప్పి, ఎదురుగా నిలబడ్డ ఆటిజం మనిషి చెప్పేది మూడు నిమిషాలు వినలేకపోవడం ఎంత గొప్ప ప్రతిభో చూడండి. అటువంటివాణ్ణే సున్నిత హృదయుడని వేదికల మీద పొగుడుతారు.

మాట మార్చే అధికారం లేదు. ప్రశ్న అడిగే అధికారం ఉంది. మార్జినమ్మ కొత్త పెన్సిల్ చెక్కుకుని ఎనిమిదో అధ్యాయానికి పదకొండు ప్రశ్నలు రాసింది. కోపం లేదు, వెటకారం లేదు, అన్నిటికీ రాసినట్టే రాసింది. ‘కోటుకు ఆరు గుండీలని ఉంది. ఏడు. ఆరు కుట్టింది, ఏడోది కుట్టనివ్వలేదు. సరిచూడండి.’ ‘కుట్టడం హాయిగా ఉందని రాశారు. సూది మూడుసార్లు వేల్లో దిగింది. సరిచూడండి.’ ‘ఏడవలేదు అని ఉంది. ఎప్పటివరకు? ఇరవై మూడో రోజున ఏడ్చింది, కుళాయి దగ్గర, రెండు గంటలు. కాలం స్పష్టం చేయాలి.’ ఇలా చివరిదాకా రాసి, ప్రూఫుల కట్టకు దారం చుట్టి, తనకలవాటైన రెండు ముళ్ళు వేసి పంపించింది.

నాలుగో రోజున కట్ట తిరిగొచ్చింది. పైన ఒక చీటీ గుచ్చి ఉంది. ‘గుర్తు పెట్టినవన్నీ యథాతథంగా చేర్చండి’ అని, కింద తోకంత పొడుగు సంతకం. దారానికి మార్జినమ్మ వేసిన రెండు ముళ్ళూ వేసినట్టే ఉన్నాయి. ఆ కట్ట తీసుకుని ఆమె పబ్లిషరు గదికి వెళ్ళింది.

“రచయిత కట్ట విప్పలేదండీ.”

“సంతకం ఉందిగా అమ్మా.”

“చూడకుండా సంతకం పెట్టారు. లోపల ప్రశ్నలున్నాయి.”

“ఆయన ఏనాడు చూశాడు గనక? ఆవిష్కరణ తేదీ వేసేశాం, కార్డులు పంచేశాం. ఇటిచ్చెయ్, కంపోజింగుకి పంపుతా. రెండో ప్రూఫు వద్దు, టైము లేదు.”

కంపోజరు ముప్ఫయ్యేళ్ళ అనుభవమున్న పెద్దమనిషి. ఆయనకొక గర్వం ఉంది, తను కొట్టిన పుస్తకం ఒక్కటీ తను చదవలేదని. చదివితే వేళ్ళు నెమ్మదిస్తాయంటాడు. మామూలుగా అయితే పెన్సిల్ రాతలు వదిలేసి ఎర్రసిరా మాత్రమే ఎక్కిస్తాడు. ఈసారి రచయితే గుర్తు పెట్టినవన్నీ చేర్చమని సంతకం చేశాడు కదా, తనకెందుకు పూచీ అనుకున్నాడు. పదకొండు ప్రశ్నలనూ ఏ వాక్యం పక్కన ఉన్నది ఆ వాక్యం వెనకాలే ఎక్కించాడు, అదే అక్షరం, అదే సైజు. పుస్తకం అచ్చయింది, బైండయింది, సాయంత్రం సభ ఉందనగా మధ్యాహ్నానికి అట్టపెట్టెల్లో హాలుకి చేరింది.

సభ ఊరి గ్రంథాలయం మేడ మీద. వెనక గోడవైపు పుస్తకాల బల్ల, బల్ల దగ్గర మార్జినమ్మ. నువ్వుండమ్మా, కుటుంబ సభ్యురాలివి కూడాను అని పబ్లిషరు అక్కడ నిలబెట్టాడు. జనం వస్తుండగా ఆమె ఒక ప్రతి తీసి ఎనిమిదో అధ్యాయం తెరిచింది. తన పెన్సిల్ రాత నల్లటి అచ్చులో కనిపించింది. మొదట అది తన కళ్ళ తప్పనుకుంది. ఇంకో ప్రతి తీసింది, దాంట్లోనూ ఉంది. ఇరవయ్యారేళ్ళలో ఆమె చేతిమీదుగా ఇంత తప్పు ఎప్పుడూ పోలేదు. పుస్తకం తీసుకెళ్ళి పబ్లిషరుకి చూపించింది.

పబ్లిషరు రెండు వాక్యాలు చదివి చెమటలు కక్కాడు. “ఇప్పుడేం చెయ్యగలం? నువ్వు ఎవరికీ చెప్పకు. ఆ పేజీ ఎవడు చూస్తాడులే” అని ఆయన అంటుండగానే వేదిక మీద బావ మైకు అందుకుని, “నా గుండెకు దగ్గరైన ఎనిమిదో అధ్యాయం చదువుతాను” అన్నాడు. పబ్లిషరు పరుగున ఒక చీటీ రాసి పైకి పంపాడు. బావ దాన్ని విప్పకుండానే చిరునవ్వుతో జేబులో పెట్టుకున్నాడు. అభిమాని ఎవరో మెచ్చుకున్నాడనుకుని ఉంటాడు. ఆయన చదవని కాగితాల్లో అదొకటి.

గొంతు సవరించుకుని మొదలుపెట్టాడు. చదవడంలో మాత్రం ఆయన్ని తప్పు పట్టలేం, ఆసుపత్రి బిల్లు చదివినా నలుగురు ఏడుస్తారు. “నిశ్శబ్దం. ఒక గది. ఆరు గుండీలు. కోటుకు ఆరు గుండీలని ఉంది. ఏడు. ఆరు కుట్టింది, ఏడోది కుట్టనివ్వలేదు. సరిచూడండి.” అక్కడ గొంతు కొంచెం వణికించాడు. హాల్లో ఎవరో అబ్బా అన్నారు. ఆ వాక్యాలు తనవి కావని ఆయనకు అనుమానం రాలేదు. తను ఏం చెప్పాడో తనకే గుర్తుండదు, పైగా బాగున్నాయి కనుక తనవే అనుకున్నాడు. రెండో ‘సరిచూడండి’కి చప్పట్లు పడ్డాయి. ముందు వరసలో ఒక విమర్శకుడు ఆ మాటను నోటుబుక్కులో రాసుకుని కింద గీత కొట్టుకున్నాడు. అంతర్వాణి అనో, పల్లవి అనో రేపు పత్రికలో రాస్తాడు. వాళ్ళకు అది చాలు.

బల్ల దగ్గర మార్జినమ్మ నవలల్లోలాగా చెవులు మూసుకుని నేల మీద కూలబడలేదు. గోడకు ఆనుకుని నిలబడింది, అంతే. చెవుల్లో హోరు మొదలైంది, హాల్లో దీపాలు మరీ తెల్లగా అనిపించాయి. తలుపెక్కడుందో చూసుకుంది. వెళ్ళిపోవాలనిపించింది. ముందు వరసలో అక్క వీపు కనిపిస్తోంది, అందుకని వెళ్ళలేదు. ఇలాంటప్పుడు ఈ మనిషి మొహం చూసి ఏమీ లేదనుకునేవాళ్ళకు ఏం చెప్తాం. ఉన్నదంతా మొహంలోకి రావాలని రూలేమైనా ఉందా?

బావ చదువుతూ పోయాడు. “ఆమెకు మరణమంటే తెలియదు. తెలియదని ఉంది. నాడి చూసింది ఆమే. అందరికంటే ముందు తెలిసింది ఆమెకే. సరిచూడండి. గుండీ. గుండీ. గుండీ. ఎందుకు కుడుతోందో రాయలేదు. అమ్మ పొద్దున చెప్పింది. అది అమ్మ చెప్పిన చివరి పని. చేర్చాలా?” అక్క వీపు నిటారుగా అయింది. ఆమెకు మొగుడి వాక్యాలు పాతికేళ్ళుగా తెలుసు. ఆయన గుండీలు లెక్కపెట్టే మనిషి కాడు. సొంత చొక్కాకి గుండీ ఊడితే పెళ్ళాన్ని కేకేసే మనిషి.

“అక్క కోపంతో కోటు లాక్కుంది. కోపం అని ఉంది. అక్క చేతులు వణికాయి. అక్క అప్పటికే చాలా ఏడ్చి ఉంది. కోపం అనొచ్చా?” చప్పట్లు. బావ ఒక క్షణం కళ్ళు మూసుకుని ఆ చప్పట్లు పీల్చుకుని, పేజీ తిప్పాడు. “గుమ్మంలో పెద్దల్లుడు. అతని కళ్ళలో నీళ్ళు. ఇదంతా పెద్దల్లుడు చూశాడని ఉంది. పెద్దల్లుడు అప్పుడు ఇంట్లో లేడు. వీధి చివర ఫోన్లో ఉన్నాడు, సన్మానం తేదీ మార్చమని. నలభై అయిదు నిమిషాలు...”

గొంతు అక్కడ ఆగింది. ఆయన జీవితంలో తన పుస్తకాన్ని శ్రద్ధగా చూసుకోవడం అదే మొదలు. పెదాలు కదుపుతూ ఆ రెండు వాక్యాలూ మళ్ళీ లోపల్లోపల చదువుకున్నాడు. చెమట పట్టింది, మంచినీళ్ళ గ్లాసు వెతుక్కున్నాడు. జనం అది కూడా వేదనే అనుకుని ఇంకా గట్టిగా కొట్టారు. విమర్శకుడు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

ఆ చప్పట్లలోనే అక్క లేచింది. వేదికవైపు ఒక్కసారి చూసింది. ఆ చూపు చూసుంటే ఎవడైనా నవలలు మానేస్తాడు, ఈయన మానడు. ఆమె కుర్చీల మధ్య నుంచి వెనక్కి నడిచి పుస్తకాల బల్ల దగ్గరికి వచ్చింది.

“ఇవి నువ్వు రాసినవి.”

“అవును. పెన్సిల్‌తో రాశాను. అచ్చులోకి రాకూడదు. తప్పు జరిగింది, అక్కా.”

“కుట్టమని అమ్మ చెప్పిందా?”

“చెప్పింది.”

“మరి నాకెందుకు చెప్పలేదే?”

“గుండీల గోల ఎత్తకన్నావు.”

అక్క చెయ్యి చెల్లెలి తలవైపు లేచి, ముట్టుకోవచ్చో లేదో తెలియక ఆగింది. పక్కనున్న అట్టపెట్టె మీద కూర్చుండిపోయింది. వేదిక మీద ఎవరో వందన సమర్పణ మొదలుపెట్టారు. మార్జినమ్మ వచ్చి అక్క పక్కన, రెండో పెట్టె మీద కూర్చుంది. తనే భుజం ఆనించింది.

అక్క అడిగింది. “ఆ పొద్దున అమ్మ ఇంకేమంది?”

ఇంకొకరైతే ఇక్కడ కొంచెం ఆలోచించేవారు. జాలిపడి కొంత దాచేవారు, కొంత తియ్యగా కలిపేవారు. బావ అయితే మూడు పేజీలు చెప్పేవాడు. మార్జినమ్మ జరిగింది జరిగిన వరసలో చెప్పింది.

“ఆరూ పదికి లేచింది. మంచినీళ్ళు తాగింది. పెద్దది ఫోన్ చేసిందా అని అడిగింది. లేదన్నాను. ఏడున్నరకి మళ్ళీ అడిగింది, లేదన్నాను. నేను చెయ్యనా అక్కకి అంటే, వద్దులే, షాపు తీసే టైము, ఖాళీ అయ్యాక అదే చేస్తుంది అంది. తర్వాత గుండీలు కుట్టమంది. పదింటికి ఇంకోసారి అడిగింది.”

అక్క మొహం చేతుల్లో పెట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచే అడిగింది. “లేదనే చెప్పావా?”

“చెప్పలేదు. అప్పటికి అమ్మ పెదాలు నీలంగా అయ్యాయి. వస్తోందమ్మా, దారిలో ఉంది అన్నాను. నువ్వు దారిలో లేవు. అయినా అన్నాను. సరే అని కళ్ళు మూసుకుంది.”